తోడొచ్చిన మనిషి

మా మామయ్య హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన మనిషి. ఎంత పెద్ద డాక్టరుతోనైనా ధాటిగా మాట్లాడగలడు. ఈ ఒక్క జబ్బు దగ్గర మాత్రం ఆయనకు నోరు పెగల్లేదు. రక్తం పడుతోందన్న సంగతి ఇంట్లో చెప్పడానికే నెలలు పట్టింది. చెప్పాక కూడా ఆస్పత్రి ఊసెత్తనివ్వలేదు. "మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం" అని గోడల మీద రాసినచోటల్లా వాకబు చేసి, ఎవరో ఇచ్చిన ఆకుపసరు తాగాడు, ఇంకెవరో ఇచ్చిన పొడి మజ్జిగలో కలుపుకున్నాడు. ఆ ఇచ్చినవాళ్ళలో ఒక్కరూ ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి చూసింది లేదు. చూడకుండా ఇచ్చే మందును మనవాళ్ళు నమ్మినంతగా, చూసి చెప్పే డాక్టరును నమ్మకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఆ ఏడాదంతా భారం అత్తయ్య మీదే పడింది. వారానికి రెండుసార్లు కంద కూర, పూటపూటా పలచటి మజ్జిగ, పొద్దునా రాత్రీ ఆయన కూర్చోవడానికి తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు. ఆయన కోసం కారం తగ్గించి వండి, తనూ అదే తింది. "నా మాట వినడం లేదు నాయనా, నువ్వొచ్చి ఒకసారి చూపించు" అని నాకు ఫోన్ చేసింది కూడా ఆవిడే.

తెనాలి నుంచి గుంటూరు కొత్తపేటకు కారులో తీసుకెళ్ళాను. ఆస్పత్రి మెట్ల మీద అత్తయ్య మధ్యలో ఆగింది. నాలుగు మెట్లెక్కి మళ్ళీ ఆగింది. "మోకాళ్ళు" అంది. పైనుంచి మామయ్య "తొందరగా రావే, మన నంబరు పిలుస్తారు" అని కేకేశాడు.

బయట బోర్డు మీద ప్రాక్టాలజిస్ట్ అని ఉంది. జనం మొలల డాక్టరు అంటారు గానీ ఆయన చూసేది మొలలొక్కటే కాదు. పెద్దపేగు చివరి భాగానికీ మలద్వారానికీ వచ్చే చీలికలు, చీముగడ్డలు, భగందరం, పేగు కిందికి జారడం, క్యాన్సరు, అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. లోపల కూర్చున్నాయన సర్జరీలో ఎం.ఎస్. చేసి, ఆ తర్వాత ఈ ఒక్క భాగం మీదే పనిచేస్తున్న మనిషి. మామయ్య తలెత్తకపోవడం చూసి, ఏం పనిచేసేవారని అడిగాడు.

"అయితే డికెన్స్ పాఠాలు చెప్పే ఉంటారు మాస్టారూ. ఆయనకు భగందరం వచ్చింది. 1841లో ఫ్రెడరిక్ సామన్ అనే సర్జన్ లండన్‌లో ఆపరేషన్ చేశాడు. మత్తుమందు ఇంకా రాని రోజులు. ఆ సామనే 1835లో పేదవాళ్ళ కోసం ఏడు మంచాలతో ఈ జబ్బులకని ఆస్పత్రి పెట్టాడు. సెయింట్ మార్క్స్ అని ఇప్పటికీ నడుస్తోంది. మన సుశ్రుతుడు మొలలకొక అధ్యాయం, భగందరానికొక అధ్యాయం రాశాడు. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది చెప్పండి?"

మామయ్య తలెత్తాడు. ఇక డాక్టరు ఒక్కొక్కటే అడిగాడు. రక్తం విడిగా చుక్కలు పడుతుందా, మలంలో కలిసి వస్తుందా? చివర్లో చుక్కలేనన్నాడు మామయ్య. వెళ్ళొచ్చాక ఇంకా లోపల మిగిలిపోయినట్టుంటుందా? లేదు. అలవాటు మారిందా, కొన్నాళ్ళు బిగిసిపోవడం, కొన్నాళ్ళు విరేచనాలు? లేదు. మలం సన్నగా వస్తోందా? లేదు. బరువు తగ్గారా, నీరసంగా ఉంటుందా? మామయ్య నవ్వి, రెండు కిలోలు పెరిగానన్నాడు. అత్తయ్య ఫైలు ఒళ్ళో పెట్టుకుని, ప్రతి ప్రశ్నకూ డాక్టరు ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

తెర వెనక పరీక్ష రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎడమ పక్కకు తిప్పి మోకాళ్ళు ముడిపించి, గ్లవ్‌ వేసుకుని వేలితో చూసి, తర్వాత చిన్న గొట్టం పెట్టి లైటు వేసి చూశారట. "ఇంతేనా!" అంటూ మామయ్య చొక్కా సర్దుకుని వచ్చాడు. లోపలి మొలలే. కానీ డాక్టరు అంతటితో వదల్లేదు.

"మొలలున్నవాళ్ళకు క్యాన్సరు రాకూడదని లేదు మాస్టారూ. మీ వయసులో రక్తం పడితే పై పేగు కూడా చూడాలి. చాలా క్యాన్సర్లు ముందు చిన్న పిలకలుగా మొదలై ఏళ్ళ తరబడి పెరుగుతాయి. పిలకగా ఉన్నప్పుడు దొరికితే కొలనోస్కోపీలోనే తీసెయ్యొచ్చు. ముదిరాక దొరికితే మా చేతుల్లో అంత ఉండదు."

కొలనోస్కోపీకి ముందు రోజంతా నీళ్ళూ మజ్జిగ తేటే. పేగు కడిగే మందు నీళ్ళలో కలిపి గ్లాసు తర్వాత గ్లాసు ఇస్తూ, మామయ్య లేచినప్పుడల్లా లైటు వేస్తూ అత్తయ్య ఆ రాత్రి కన్ను మూయలేదు. మర్నాడు పరీక్ష అయ్యాక కౌంటర్లో ఇచ్చిన బిల్లు ఆవిడ చాలాసేపు చూసింది.

"ఒక్క పరీక్షకే ఇంతా?"

"ప్రాణం కంటే ఎక్కువటే?" అన్నాడు మామయ్య.

పేగు శుభ్రంగా ఉందని రిపోర్టు వచ్చింది. మొలల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండ్లు వేశారు. రక్తం అందక అవి వారం పది రోజుల్లో ఎండి రాలిపోతాయట. పీచున్న తిండి తినమన్నారు, నీళ్ళు బాగా తాగమన్నారు, ముక్కొద్దన్నారు, ఫోన్ పట్టుకుని దొడ్లో కూర్చోవద్దని గట్టిగా చెప్పారు. మామయ్య డాక్టరు చేతులు రెండూ పట్టుకున్నాడు. మందుల చీటీ తీసుకుని, కుర్రాడిలా మెట్లు దిగి కింద షాపుకు వెళ్ళాడు.

నేను కాగితాలు ఫైల్లో పెడుతున్నాను. అత్తయ్య గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది. చెంగు సర్దుకోవడానికి చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారాయి.

"బాబూ, మొదటి రోజు ఆయన్ని అడిగారే... మలంలో కలిసి వస్తుందా, ఇంకా మిగిలిపోయినట్టుంటుందా, బరువు తగ్గారా అని. ఆయన అన్నిటికీ లేదన్నారు."

"అవునమ్మా."

"నాకవన్నీ ఉన్నాయి."

డాక్టరు లేచొచ్చి ఆవిడ కింది కనురెప్ప లాగి చూశాడు. తెల్లగా పాలిపోయి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఆయనకు మొదలు కాకముందు నుంచే. ఆయనది కుదుటపడ్డాక చెబుదామనుకున్నా."