పాపం, ముసలాళ్లిద్దరూ!

నేను గే. ఈ ముక్క పాతికేళ్లప్పుడు చెప్పుంటే ఇంటిల్లిపాదీ గోల పెట్టేవారు. అరవైలో చెప్తే, "సరేలే, షుగరెంతుంది?" అంటున్నారు. ముసలితనంలో ఇంత సుఖముందని తెలిస్తే జుట్టుకి రంగెయ్యడం ఎప్పుడో మానేసేవాణ్ణి.

ఒకప్పుడు మా పిన్ని వారానికో అమ్మాయి ఫొటో తెచ్చేది. కుజదోషం అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. నలభై దాటాక, "పోనీ రెండో సంబంధమైనా చూడనా నాన్నా?" అంది. యాభై దాటాక ఆశ వదిలేసి, వాడికి వైరాగ్యమని చుట్టాలందరికీ చెప్పేసింది. ఆ వైరాగ్యం గల మనిషి ఇక్కడ టీవీ రిమోట్ కోసం మావాడితో రోజూ కొట్లాడుతున్నాడు. మొన్న మా బావ, అక్క వంటింట్లో ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, "నీ పనే హాయి బావమరిదీ" అన్నాడు.

మావాడూ నేనూ హైదరాబాదులో కాపురం పెట్టింది తొంభైల్లో. బ్యాచిలర్లకి ఇల్లు దొరకడమే గగనం. ఇంటాయన వేలు చూపించి మరీ షరతు పెట్టాడు: "ఆడపిల్లలు మాత్రం గుమ్మం తొక్కకూడదు." దాన్ని అంత నిష్ఠగా పాటించిన అద్దెదార్లు ఆయనకి మళ్లీ దొరికుండరు. ఇప్పుడున్న అపార్ట్‌మెంటులో అనుమానాలూ లేవు, షరతులూ లేవు. "పాపం, ముసలాళ్లిద్దరూ ఒకరికొకరు తోడు" అంటూ పైఅంతస్తు ఆవిడ ఆవకాయ పంపిస్తుంది. ఆవిడన్న దాంట్లో అక్షరం తప్పులేదు.

చట్టం మాత్రం ఇంత నిలకడగా లేదు. 377వ సెక్షను 1860 నాటిది. దాని ప్రకారం 44వ ఏటిదాకా నేను నేరస్థుణ్ణి. 2009లో ఢిల్లీ హైకోర్టు పుణ్యమా అని మంచివాణ్ణయ్యాను. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి మళ్లీ నేరస్థుణ్ణి చేసింది. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు మళ్లీ వదిలేసింది. ఇన్ని మలుపుల్లోనూ మా ఇంట్లో అదే దోసకాయ పప్పు, అదే రిమోట్ తగాదా.

తోడు లేని మిత్రుడొకడున్నాడు. ఈ మధ్య ఫోన్లో ఏదో యాప్ పెట్టుకున్నాడు. పాతికేళ్ల కుర్రాడొకడు "హాయ్ డాడీ" అని పలకరించాడట. ఆ లోకంలో అది సరసమే. మా మిత్రుడికి మాత్రం పితృవాత్సల్యం పొంగుకొచ్చి, "అన్నం తిన్నావా బాబూ?" అని అడిగాడు. మళ్లీ జవాబు రాలేదు.

మావాడి శుక్లాల ఆపరేషనుకి వెళ్లినప్పుడు నర్సమ్మ కాగితం తీసి, "పేషెంటుకి మీరేమవుతారు?" అంది. నేను నీళ్లు నములుతుంటే, "అన్నగారేనా? పోలికలున్నాయిలెండి" అని తనే రాసేసుకుంది. ఒకే చారు ఇన్నేళ్లు తాగితే పోలికలు రాక ఏమవుతాయి! నవ్వుకున్నాం గానీ, నిజం చెప్పాలంటే ఆ గడి చూస్తే ఇప్పటికీ గుండె దడే. కంటికి సరే, రేపు గుండెకి కోత పెట్టాల్సొస్తే సంతకం పెట్టడానికి నేనెవర్ని?

మన హైదరాబాదు కుర్రాళ్లు సుప్రియో, అభయ్ పెళ్లి హక్కు కోసం కోర్టుకెక్కారు. అది పార్లమెంటు చూసుకోవాల్సిన పని అని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తేల్చేసింది. మరుసటేడు కేంద్రం, రేషను కార్డుకి మాత్రం ఇలాంటి జంటల్ని ఒకే ఇంటివాళ్లుగా చూడమని రాష్ట్రాలకి రాసింది. పెళ్లికి పనికిరాం గానీ బియ్యానికి పనికొస్తామన్నమాట! బ్యాంకులో జాయింటు ఖాతాకీ అడ్డు లేదన్నారు. వెళ్తే, కౌంటర్లో అమ్మాయి "ఈదర్ ఆర్ సర్వైవర్" దగ్గర టిక్కు పెట్టమంది. అంటే ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు. మావాడు తడుముకోకుండా, "ఆ మిగిలేది నేనేనమ్మా" అన్నాడు. నా షుగరు మీద వాడికంత నమ్మకం.

మా ఈడు జంటలకి ఒక్క మాట. నామినీ పేరు రాసి ఊరుకోకండి, వీలునామా రాయండి. అది లేకపోతే, నా పేరునున్న ఫ్లాటు నా తరవాత తోబుట్టువులకి పోతుంది. మావాడికి బాల్కనీలో కరివేపాకు మొక్క కూడా దక్కదు. స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం, మీ సంతకం, ఇద్దరు సాక్షులు చాలు.