గట్టుకో తుపాకీ

కోనసీమకి దేవుడు ఏ లోటూ చెయ్యలేదండీ. రెండు పక్కలా గోదావరి పాయలు, మూడో పక్క సముద్రం, ఆత్రేయపురంలో పూతరేకులు, అంబాజీపేటలో కొబ్బరి, వీధికిద్దరు అమెరికా అల్లుళ్లు. తుపాకీ హక్కుల సంఘమొక్కటే తక్కువ. ఈ వెలితి సంక్రాంతికి టెక్సాస్ నుంచి దిగే అల్లుడుగారికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అక్కడ 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్లు నిండి నేరచరిత్ర లేనివాడు లైసెన్సుతో పనిలేకుండా నడుముకి పిస్తోలు తగిలించుకుని కూరగాయలకి వెళ్లొచ్చు. ఇక్కడ కోడి కాలికి కత్తి కట్టడానిక్కూడా హైకోర్టు ఒప్పుకోదు. "ఇదేం స్వేచ్ఛ మావయ్యగారూ?" అంటారు అల్లుడుగారు. పండగపూట అల్లుడి మాటకి అడ్డు చెప్పడం మన వైపు ఆచారం కాదు. అందుకని మావగారు "ఆయ్, నిజమేనండీ" అంటారు.

అమెరికాలో రాష్ట్రాలవారీగా తుపాకీ హక్కుల సంఘాలుంటాయి. వీటన్నిటికీ పెద్దన్న ఎన్‌ఆర్‌ఏ 1871లో పుట్టింది. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ల తుపాకీ భక్తిని తూచి, ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులిస్తుంది. మన దేశంలోనూ తుపాకీ హక్కులు కావాలనే సంఘం ఒకటుంది. ఆ జెండా మన లంకల్లో ఎగరాలంటే ఊరూరా జనాన్ని కూడగట్టాలి. ఆ పుణ్యకార్యానికి నా వంతు సలహాలు పైసా పుచ్చుకోకుండా ఇస్తున్నాను.

ముందు నినాదం కావాలి. ఆత్మరక్షణ అనండి, బావుంటుంది. ఎవరి నుంచి అని ఎవరైనా అడిగితే గట్టు మీద కొబ్బరిచెట్టు చూపించండి. చెట్టు మనది, ఒంగింది పక్కవాడి దొడ్లోకి. కాయ రాలింది. ఎవరిదా కాయ? ఇప్పుడైతే ఈ తగువు ముందు నోళ్ల మీద నడుస్తుంది, తర్వాత పెద్దమనుషుల అరుగెక్కుతుంది, ఆ తర్వాత అమలాపురం కోర్టుకెళ్తుంది. తీర్పొచ్చేసరికి చెట్టూ ఉండదు, కేసు వేసినాయనా ఉండడు. చేతిలో తుపాకీ ఉంటే ఇన్ని వాయిదాలక్కర్లేదు, నోళ్ల దగ్గరే తేలిపోతుంది. సివిల్ ప్లీడర్లకి కొంచెం ఇబ్బందే. వాళ్లని క్రిమినల్ వైపు మారమనండి.

పంట రక్షణ అన్నా పనికొస్తుంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్లోనే పంట కాపాడుకోడానికి మందు కూరి పేల్చే తుపాకీ ప్రస్తావన ఉంది. కాకపోతే కోనసీమ పంటని పాడుచేసే శత్రువులు కొంచెం విచిత్రమైనవాళ్లు. కొబ్బరాకు కింద చేరే తెల్లదోమ, లంకల్ని ముంచే వరద, చేలోకి ఎక్కే ఉప్పునీరు, పెట్టుబడి కూడా రాని ధాన్యం ధర. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారు. ఆ ఏడు ప్రతి రైతు దగ్గరా రైఫిల్ ఉంటే ఎవర్ని కాల్చేవాడో సంఘం వారు కరపత్రంలో వివరించాలి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర చమురు బావి పేలి రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి, నిద్రలో ఉన్నవాళ్లని కూడా కాల్చేసింది. ఈ రెంటికీ ఏ బోరు తుపాకీ సరిపోతుందో కూడా అదే కరపత్రంలో వేస్తే పుణ్యముంటుంది.

తర్వాత చరిత్ర కావాలి. చరిత్ర లేని ఫ్లెక్సీ వెలవెలబోతుంది. లార్డ్ లిట్టన్ హయాంలో 1878లో తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, తెల్లవాడికి మినహాయింపు ఇచ్చింది. బ్రిటిష్ పాలన చేసిన పాపాలన్నిటిలోకీ నల్లనిదిగా చరిత్ర దాన్ని చూస్తుందని గాంధీగారు రాశారు. తుపాకీ ప్రియులకి గాంధీగారి రచనలన్నిటిలో కంఠతా వచ్చేది ఈ ఒక్క మాటే. ఆయన ఆ మాట రాసింది 1918లో, బ్రిటిష్ సైన్యంలో చేరమని ఊరూరా తిరుగుతూ పంచిన కరపత్రంలో అన్న సంగతి మాత్రం ఫ్లెక్సీలో పట్టదు. ఒక మూల అల్లూరి బొమ్మ కూడా వేయించండి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి ఆయన తుపాకులు పట్టుకెళ్లారు. తీసుకున్నది తెల్లవాడి స్టేషన్లోంచి, ఎక్కుపెట్టింది తెల్లవాడి మీదకి. పక్క కమతం వాడి మీదకి కాదు. అయినా అల్లూరి పక్కన అల్లుడుగారి బొమ్మ అచ్చుకి బాగుంటుంది.

1931 కరాచీ కాంగ్రెసు తీర్మానాన్నీ వాడుకోండి. పౌరులకి ఆయుధం ఉంచుకునే హక్కు ఉండాలని అందులో ఉంది, నిబంధనలకి లోబడి అన్న ముక్కతో సహా. ఆ ముక్క చిన్నక్షరాల్లో వేయించండి. కానీ 1948 డిసెంబరు దగ్గరికి మాత్రం వెళ్లకండి. రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఈ హక్కుని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ పెట్టారు. జవాబు చెప్పినాయన అంబేద్కర్. కాంగ్రెసు ఆ తీర్మానం చేసిన రోజులు వేరు, పరాయి ప్రభుత్వం బానిస ప్రజలకి ఆయుధం ఉండకూడదన్న రోజులవి, ఆ పరిస్థితి ఇప్పుడు లేదన్నారు. ప్రతివాడూ బజారుకెళ్లి అడ్డూ ఆపూ లేకుండా మారణాయుధాలు కొనుక్కుంటే ప్రభుత్వం ఎలా నడుస్తుందో తన ఊహకందడం లేదన్నారు. సభ సవరణని తోసిపుచ్చింది. సంఘం రిజిస్ట్రేషన్ కాగితం మీద జిల్లా పేరు రాయాల్సి వస్తుంది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని రాయండి. కలం అక్కడ కొంచెం ఆగుతుంది, ఫర్వాలేదు.

ఆ పేరు చుట్టూనే 2022 మే 24 ఉంది. జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో బయల్దేరిన గుంపు అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికీ, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికీ నిప్పు పెట్టింది. పోలీసుల తలలు పగిలాయి. తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. ఇళ్లు కాలినవాళ్లు గన్‌మెన్‌ని వెంటేసుకుని తిరిగే స్థాయి మనుషులు. గన్‌మెన్ ఇళ్లని కాపాడలేకపోయారు. ఊరిని కాపాడిందల్లా గుంపు చేతుల్లో రాళ్లూ పెట్రోలూ తప్ప మరోటి లేకపోవడమే. ఇంటికో తుపాకీ ఉన్న అమలాపురంలో ఆ సాయంత్రం ఎలా గడిచేదో సంఘం వారు ఆలోచించుకుంటే చాలు, పైకి చెప్పక్కర్లేదు.

నిజానికి మనవాళ్లకి తుపాకీ మీద మోజు లేదు, తుపాకీ మోసేవాడి మీద ఉంది. నాయకుడికి గన్‌మెన్ ఒకటికి ఒకటి అంటే పంచాయితీ స్థాయి, రెండుకి రెండు అంటే జిల్లా స్థాయి. పదవి పోయాక గన్‌మెన్‌ని తీసేస్తే ప్రాణభయం పుట్టుకొచ్చి కోర్టు దాకా వెళ్తాం, గన్‌మెన్ తిరిగొస్తే ఆ భయం పోయి ఊరేగింపుకి వెళ్తాం. లైసెన్సు తుపాకీలో ఈ వైభవం లేదు. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండే ఆయుధాలు. పెళ్లి సంబరంలో జనం ప్రాణాల మీదకి తెచ్చేలా పేల్చితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలొస్తే చాలావరకు తుపాకీ పట్టుకెళ్లి స్టేషన్లో ఇచ్చి రావాలి. అంటే ఊళ్లో గొడవలు ముదిరే నెలలో ఆత్మరక్షణ ఠాణాలో ఉంటుంది, ఆత్మ ఇంట్లో ఉంటుంది.

ఇక సంఘం వారి చివరి అస్త్రం ఒకటుంది. బలవంతుడికీ బలహీనుడికీ మధ్య తేడాని తుపాకీ చెరిపేస్తుందంటారు. దీన్ని వెటకారంతో వదిలెయ్యడం సబబు కాదు. నిర్భయ ఘటన తర్వాత 2014లో ఆడవాళ్ల రక్షణకంటూ కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం నిర్భీక్ అనే రివాల్వరు తెచ్చింది. అప్పట్లో దాని ధర లక్షా ఇరవై రెండు వేల పైమాటే. రాజోలు రేవులో రొయ్యలు వలిచే మనిషి ఆ డబ్బెప్పుడు కూడబెట్టాలి? ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని చట్టం 14వ సెక్షన్ అంటుంది. దుకాణదారుడి చేత ఆ మాట ఏ సెక్షనూ అనిపించలేదు. అల్లుడుగారి అమెరికానే చూడండి. కాన్సాస్‌లో 2015 నుంచే పర్మిట్ లేకుండా తుపాకీ మోసుకు తిరగొచ్చు. 2017 ఫిబ్రవరిలో అక్కడి ఒలేతేలో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న తెలుగు ఇంజినీరుని, మా దేశం వదిలిపొమ్మంటూ ఒకడు కాల్చి చంపాడు. తుపాకీతో వచ్చింది ఆ చోటు తనదే అనుకున్నవాడు. ఎక్కడైనా అంతే. ఊరు మాది అనుకునేవాడి చేతికే తుపాకీ ముందు చేరుతుంది.

బలహీనుడికే తుపాకీ అన్న మాట మన చట్టాల్లో ఒకచోట నిజంగానే ఉంది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక నియమాలు, 1995. మూడో నియమం చదవండి. దాడుల ప్రమాదం ఉందని గుర్తించిన ప్రాంతాల్లో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆ ఆయుధాల్ని ప్రభుత్వం దగ్గర జమ చేయించుకోవాలి. అవసరమనుకుంటే దళితులకీ గిరిజనులకీ రక్షణ కోసం లైసెన్సులివ్వాలి. తుపాకీ హక్కుల పెద్దలు ఈ నియమం మీద ఒక్క సభ పెట్టగా, ఒక్క ధర్నా చెయ్యగా ఎక్కడా వినలేదు. రేపు కోనసీమలో సంఘం పెడితే సంతకాల సేకరణ ఊరి పెద్దవీధిలో కాకుండా దళితపేటలో మొదలుపెట్టండి. మూడో నియమం అమలు చెయ్యాలి, మా పెద్దల లైసెన్సులు ముందు రద్దు చెయ్యాలి అని కాగితం మీద రాసి, అల్లుడుగారి చేతా మావగారి చేతా మొదటి రెండు సంతకాలు పెట్టించండి. పెడితే మీది ఆత్మరక్షణేనని నమ్ముతాను. పెట్టకపోతే ఆత్మరక్షణ అన్న మాట కొట్టేసి, పెద్దరిక రక్షణ సంఘమని బోర్డు రాయించుకోండి. కోరుతున్నదేమిటో జనానికి సూటిగా తెలుస్తుంది.