శునక బహిర్భూమి

గ్రామీణ భారతానికి బహిరంగ మలవిసర్జన నుండి విముక్తి లభించినట్లు 2019 అక్టోబరు 2న ప్రకటన వెలువడగా, బహిర్భూమి, అనగా కాలకృత్యానికై ఊరి వెలుపల విడిచిన జాగా, పల్లెను వీడి పట్నవాసం చేరి పెంపుడు కుక్కల వశమయింది. జగ్గయ్యపేట, నందిగామ కాలనీలలో వేకువనే సాగే ఈ క్రతువుకు ‘వాకింగ్’ అని వ్యవహారనామం; గొలుసు పట్టిన యజమాని సరిగ్గా ఆ క్షణాన ఆకాశంలో చుక్కలు లెక్కిస్తుండగా, శునకం ఎదురింటి ముగ్గులో చుక్కలు లెక్కించి నడిమధ్యన కూర్చుంటుంది. ఎదురింటి ఇల్లాలు అభ్యంతరం తెలిపితే ‘మాది లాబ్రడార్ అండీ’ అనే సమాధానం వస్తుంది (జాతి గొప్పదైతే ముగ్గు మీది పదార్థమూ గొప్పదే కాబోలు). భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్, అనగా పెంపుడు జంతువు వల్ల మనిషికి ప్రాణాపాయం గాని తీవ్ర గాయం గాని కలగకుండా జాగ్రత్తపడనివారిని శిక్షించే నిబంధన, 2024 జూలై 1 నుండి జరిమానా పరిమితిని 1,000 నుండి 5,000 రూపాయలకు పెంచింది గాని, ముగ్గుకు వాటిల్లే అపాయాన్ని పట్టించుకోలేదు. చేతిసంచితో బయలుదేరిన యజమాని ఒకడు కనబడగా వీధి వీధంతా ఆశగా చూసింది. అందులో ఉన్నవి పాల ప్యాకెట్లు.