అక్క వంటింటి గోడ

ఫార్ములా కాగితం మీద ఆ పేరు కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టింది నేనే. అప్పుడు జీడిమెట్లలో ఒక చిన్న రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టుని. కొత్త అక్రిలిక్ ఎమల్షన్ నా చేతి మీదే తయారవుతోంది. నేను కొట్టేసింది పాత ఎనామిల్ మీద రంగు పట్టు కోసం వేసే యూరిడో మోనోమర్‌ని. మోనోమర్లన్నిటి బరువులో 1 శాతం పడుతుంది, కానీ ధర మిగతావాటికంటే చాలా ఎక్కువ. అది వేసిన బ్యాచ్, వేయని బ్యాచ్ రెండూ పాత ఎనామిల్ పలకల మీద పూసి ఆరబెట్టాను. మిల్లీమీటరు ఎడంతో అడ్డంగా 11, నిలువుగా 11 గీతలు బ్లేడుతో గీసి, టేపు అంటించి లాగాను. ఏ పలక మీదా 100 గళ్లలో ఒక్కటీ లేవలేదు. తేడాయే లేనప్పుడు ఈ ఖర్చెందుకు అనుకున్నాను.

పలకల్ని నీళ్లలో నానబెట్టి చూడలేదు.

అంతకుముందు చేసిన పొరపాటు ఇంకొకటుంది. బ్యాచ్‌లో గడ్డలు కడుతున్నాయని సోడియం లారిల్ సల్ఫేట్ మోతాదు పెంచాను. వడపోత జాలి శుభ్రంగా వచ్చింది. తృప్తి పడ్డాను. కానీ ఆ సల్ఫేటు సబ్బు జాతి. రంగు ఆరినా ఎక్కడికీ పోదు. పొరలోనే ఉండి, కొంత గోడ దగ్గరికి చేరి, తడి తగిలినప్పుడు నీటిని లోపలికి లాగుతుంది. ఇది పుస్తకాల్లో చదివినవాణ్ణే.

అమలాపురంలో మా అక్కావాళ్ల వంటింట్లో గోడకి నడుమెత్తు దాకా పాత పచ్చ ఎనామిల్ ఉండేది. కడుక్కోవడానికి వీలని ఒకప్పుడు చాలా ఇళ్లలో అలాగే వేయించుకునేవారు. దాని మీద వేయమని మా రంగు రెండు బకెట్లు పంపాను. రంగులేసే మేస్త్రి ఫోన్లో అడిగాడు: “నూనె రంగు మీద నీళ్ల రంగు నిలవదండి బాబూ. ఎమరీ పట్టించి మెరుపు తీసెయ్యాలి. మీరు తడిగుడ్డ పెట్టి చూశారాండి?” మా రంగుకి అవేమీ అక్కర్లేదన్నాను. ఆయన మారు మాట్లాడలేదు.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ఇల్లు దులుపుతూ అక్క పొయ్యి వెనక గోడని తడిగుడ్డతో తుడిచింది. రంగు ఉల్లిపొరలా గుడ్డతోపాటే వచ్చేసింది. కింద పాత పచ్చ రంగు చెక్కుచెదరకుండా మెరుస్తోందట. “ఒరే తమ్ముడూ, మేస్త్రి పని సరిగ్గా చెయ్యలేదురా. సగం డబ్బు ఆపేశాను” అంది. నాకు నోట మాట రాలేదు.

మర్నాడు దాచిన పలకలు రెండూ తీసి కొత్తగా గళ్లు కోసి నీళ్లలో వేశాను. గంట తర్వాత తుడిచి టేపు లాగితే, యూరిడో లేనిదాని గళ్లు దాదాపు అన్నీ టేపుకే అంటుకున్నాయి. ఉన్నదానికి అంచుల్లో మాత్రం కాస్త లేచింది. పొడిగా ఉన్నంతకాలం ఆ పొర పట్టుకునే ఉంది. నీటి అణువు చిన్నది. పొరలోంచి దూరి, రంగుకీ ఎనామిల్‌కీ మధ్య ఉన్న పట్టు విడిపించి ఆ చోట తాను కూర్చుంటుంది. యూరిడోలో నైట్రోజన్ ఉన్న చిన్న ఉంగరం పాత ఎనామిల్‌తో హైడ్రోజన్ బంధాలు వేసుకుని, నీళ్లు వచ్చినా అంత తేలిగ్గా పట్టు వదలదు. దాన్ని మోనోమర్లు పోసే రెండో సగంలో కలపాలి. అప్పుడే రేణువుల పైభాగాన ఎక్కువగా ఉంటుంది. ముందే పోస్తే చాలామటుకు లోపల కప్పబడిపోతుంది. కాగితం మీద కొట్టేసిన పేరు మళ్లీ రాశాను. సబ్బు తగ్గించాను. గడ్డలు కట్టకుండా కలిపే వేగం సరిచేసుకోవాల్సి వచ్చింది. మొదటే చేయాల్సిన పని అది.

తర్వాతి నెల అమలాపురం వెళ్లి, తప్పు నాదని అక్కతో చెప్పి, మేస్త్రి డబ్బు ఆయన చేతికిచ్చాను. ఆయన లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం కలిసి గోడంతా ఎమరీ పట్టాం. నేను తెచ్చిన కొత్త రంగుని ఆయన మొదట మూరెడు చోట మాత్రమే వేశాడు. మర్నాడు దాని మీద తడిగుడ్డ అతికించి, గంట ఆగాలండి అని పీట వాల్చుకుని కూర్చున్నాడు. నేనూ పక్కనే నేల మీద కూర్చున్నాను.