గీతకి పొట్టెందుకు?

మా హనుమాన్ జంక్షన్‌లో లెక్కంటే నోటిలెక్కే. ఆంజనేయస్వామి గుడి దగ్గర కాసేపు నిలబడితే చాలు, నూజివీడు రోడ్డున ఏ కాయ దిగుతోందో, బంగినపల్లి ఎంత పలుకుతోందో, కలెక్టరు కాయని ఎవరూ ఎందుకు అడగట్లేదో చేతిలో టీ చల్లారేలోపు తెలిసిపోతుంది. అలాంటి ఊళ్లో మామిడి ధరలకి మాట్‌ప్లాట్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీతో బొమ్మ గీయడం, ఆపైన దానికి రంగులద్దడం, ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లకే పట్టే జబ్బు.

మా బాబాయి పూత మీద తోటలు కొంటాడు. డబ్బు ముందు కట్టాలి, కాయ సంగతి ఏప్రిల్‌కి గానీ తేలదు. మధ్యలో తేనెమంచు పురుగు, గాలివాన, బేరగాళ్లు. అంత ధైర్యం ఉన్న మనిషి ముందు లాప్‌టాప్ తెరిచి వారంవారీ ధరల గీత చూపించాను. కింద ఆకుపచ్చ రంగు నిండుగా. గీతల మధ్య రంగు నింపే ఫిల్ బిట్వీన్ అనే ఫంక్షన్‌కి రెండో గీత ఇవ్వకపోతే అది సున్నా దాకా రంగు కుమ్మరించేస్తుంది.

"ఇంత పచ్చగా ఉందే, ఇదంతా మనకొచ్చిన డబ్బేనా?"

"కాదు బాబాయ్, అది టన్ను ధర."

"ధరకి పొట్టెందుకురా?"

నిజమే. ఎన్ని టన్నులు అమ్మామో తెలియకుండా ధర కింద రంగుకి అర్థమేముంది? 1786లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండు ఆయన ఇంగ్లండు ఎగుమతులకో గీత, దిగుమతులకో గీత గీసి, రెంటి మధ్యన మాత్రమే రంగు వేశాడు. ఆ సందే మిగులో, తరుగో చెబుతుంది.

సరే, నేనూ అలాగే గుత్త, మందులు, కోతకూలి, లారీ కిరాయి కలిపి టన్నుకయ్యే ఖర్చు గీత కూడా గీశాను. ఫిల్ బిట్వీన్‌లో 'వేర్' అన్నచోట ధర పైనుంటే ఆకుపచ్చ, ఖర్చు పైనుంటే ఎరుపు అని షరతు పెట్టాను. రసాల ధరని కూడా అదే బొమ్మలో ఇరికించి, ఆల్ఫా, అంటే రంగు చిక్కదనం, తగ్గించేసరికి రంగులు ఒకదానిమీదొకటి పడి, మగ్గి పాడైన కాయలా తయారైంది. రసాలని తీసేశాను.

బాబాయి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఎరుపు మీ పిన్నికి చూపించకు," అని, గీతలు రెండూ ఒకదాన్నొకటి దాటేచోట వేలు పెట్టాడు. అక్కడ చిన్న తెల్లటి ముక్క, ఏ రంగూ లేకుండా.

"ఇది ఎవరిది?"

"ఎవరిదీ కాదు బాబాయ్. ఈ వారం లాభం, పైవారం నష్టం. మధ్యలో ఎక్కడ దాటిందో కంప్యూటరుకి తెలియక వదిలేసింది."

"మార్కెట్లో ఎవరిదీ కానిది ఉండదు. ఇది కమీషను."

ఫిల్ బిట్వీన్‌లోనే 'ఇంటర్‌పొలేట్' అన్నచోట ట్రూ అని పెట్టాను. గీతలు దాటేచోటు అదే లెక్కకట్టుకుని, రెండు రంగుల్నీ అక్కడికి తెచ్చి కలిపింది. తెలుపు మాయం.

బాబాయి నా మొహం వంక మొదటిసారి కాస్త గౌరవంగా చూశాడు. "రేపు ఆ కంప్యూటరు పట్టుకుని కమీషను కొట్టుకి రా," అన్నాడు.