వెలుగుచదువు: ఒక డిస్కు డ్రైవు ఆత్మకథ

ల్యాప్‌టాపు కుడిప్రక్కన, 12.7 మిల్లీమీటర్ల మందము మాత్రమే గల సన్నని అరలో, ఒకే ఒక మరచీల పట్టున నిలిచి, సీడీలను, డీవీడీలను చదువుటయు, అవసరము కలిగినపుడు వానిపై వ్రాయుటయు వృత్తిగా గల యంత్రమును నేను. నా పుట్టుక ఏ దేశపు కర్మాగారములో జరిగినను, నా బ్రతుకంతయు హైదరాబాదు తూర్పు భాగమున, ఏఎస్ రావు నగరులో, రాధికా కూడలికి అనతిదూరమున నున్న యొక డాబా యింటిలోనే గడచినది. ఈ పేట పేరు వినినపుడెల్ల నాకు గర్వము కలుగును. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, అటుపై అమెరికాలోని స్టాన్‌ఫర్డునను విద్య నభ్యసించి, హోమీ భాభా చెంత విశ్వకిరణముల పరిశోధనలో పాల్గొని, తుదకు 1967లో ఈ ప్రాంతమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) అను ప్రభుత్వ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుగారి పేరది. మన దేశమునకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరములను మన చేతులతోనే చేసికొనవలెనని పట్టుపట్టిన ఆ మహనీయుని పేరు దాల్చిన పేటలో, చెడిన వస్తువును పారవేయుటకు ముందు విప్పి చూచు అలవాటు ఇంకను మిగిలియుండుట సహజమే గదా!

నా యజమాని ఆ సంస్థలోనే చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొనిన సాంకేతికోద్యోగి. ట్రాంబేలో రూపు దిద్దుకొనిన టీడీసీ-12 అను కంప్యూటరునకు తరువాతి తరములుగా ఈసీఐఎల్‌లో వెలసిన టీడీసీ-312, టీడీసీ-316 యంత్రముల చెంత ఆయన యౌవనము గడచినది. ఆ దినములలో యంత్రమునకు ఆదేశములను రంధ్రములు పొడిచిన కాగితపు టేపు ద్వారా అందించుచుండిరట; రంధ్రమున్నచోట వెలుగు దాటిపోవును, లేనిచోట ఆగిపోవును, ఆ భేదమునే యంత్రము అక్షరముగా గ్రహించును. 2010లో నేనీ యింట అడుగిడిన సాయంకాలము ఆయన నా పళ్లెరమును వెలికి లాగి, కటకమును తేరిపార జూచి, తన కూతురి కుమారునితో, "ఒరేయ్ బాబూ, ఇది మా పేపరు టేపు రీడరుకు మునిమనవడురా" అనిరి. ఆ బంధుత్వము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము.

అది యథార్థము కూడను. నేనును వెలుగుతోనే చదువుదును. 1.2 మిల్లీమీటర్ల మందము గల ప్లాస్టిక్ పలకలో, లోపలి అంచున మొదలై వెలుపలి అంచువరకు చుట్లు చుట్లుగా సాగు నొకే త్రోవ యందు, అతిసూక్ష్మములైన గుంటలును, వాని నడుమ చదునైన చోటులును వరుసగా నుండును. సీడీ మీద చుట్టునకు చుట్టునకు నడిమి యెడము 1.6 మైక్రోమీటర్లు, డీవీడీ మీద 0.74 మాత్రమే. ఒక పొర గల డీవీడీలోని త్రోవను విప్పి నేలపై పరువగలిగినచో ఇంచుమించు 12 కిలోమీటర్లు సాగును. ఏఎస్ రావు నగరులో మొదలిడి మౌలాలి, నాచారముల మీదుగా ఉప్పలు దరిదాపులకు చేరవచ్చును. ఆ త్రోవపై నేను లేజరు కాంతిని ప్రసరింపజేయుదును. సీడీకి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల పరారుణ కాంతి, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రని కాంతి వాడుదును. గుంట వచ్చినపుడు తిరిగివచ్చు కాంతి మందగించును, చదును వచ్చినపుడు ప్రకాశించును. ఆ హెచ్చుతగ్గులనుండియే అక్షరములు, పాటలు, పెండ్లి వేడుకలు వెలువడును. నా కటకము ఉట్టి మీది కుండవలె సన్నని తీగెలపై వ్రేలాడుచు, వేగముగా తిరుగు డిస్కు యొక్క వంకరలను వెన్నంటి, క్షణక్షణము పైకి క్రిందికి జరుగుచు, మైక్రోమీటరు కొలతలో దృష్టి నిలుపుకొనవలసి యున్నది. ఇంతటి సున్నితమైన వ్యాపారమునకు ఒక పలుచని ధూళిపొర యెంత ఆటంకమో చదువరులే యూహింపగలరు.

చెడుదినములు మొదలైన విధము చెప్పెదను. కొన్ని సంవత్సరములు గడచిన పిదప ల్యాప్‌టాపులోని పాత విండోసుపైననే క్రొత్తది పెట్టిరి. మరునాడు చూడగా తెరపై నా గుర్తు మాయమై యుండెను. బొత్తాము నొక్కిన నా పళ్లెరము తెరచుకొనుచునే యున్నది, నా చిరుదీపము వెలుగుచునే యున్నది. అయినను ఆ యంత్రమునకు నేను లేనిదాననైతిని.

"తాతయ్యా, డ్రైవు పోయింది. అయినా ఈ రోజుల్లో సీడీలు ఎవరు వాడుతున్నారు? అన్నీ యూట్యూబులో ఉన్నాయిగా" అని మనుమడు పలికెను.

"మీ అమ్మమ్మ పాడిన హారతి యూట్యూబులో ఉందట్రా?" అని మాత్రమే అని, తాతగారు ల్యాప్‌టాపును ఆర్పి, తిరిగి వెలిగించి, విండోసు మేలుకొనుటకు ముందే ఎఫ్2 మీట నొక్కి బయాస్ తెరను పిలిచిరి. అందు నా పేరు స్పష్టముగా నుండెను.

ఈ యొక్క పరీక్షతో రోగనిదానము సగము ముగిసినదని నా దృఢాభిప్రాయము. బయాస్ తెరలోనే డ్రైవు పేరు లేకున్నచో దోషము లోహములో నుండును: అడుగునున్న మరచీలను విప్పి, డ్రైవును బయటికి లాగి, వెనుకనున్న సాటా కనెక్టరును తుడిచి, మరల గట్టిగా లోనికి నెట్టవలెను. అచట పేరుండి విండోసులో లేకున్నచో, స్క్రూడ్రైవరుతో పనియే లేదు. తాతగారు ముందుగా డివైస్ మేనేజరులో నన్ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, యంత్రమును మరల ప్రారంభించి చూచిరి, ఫలింపలేదు. పిదప రిజిస్ట్రీలో వెదుకగా, డిస్కులు వ్రాయుటకై పూర్వమెన్నడో పెట్టుకొనిన యొక ప్రోగ్రాము తాను పోయినను అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అను రెండు పద్దులను నా పేరిట విడిచిపోయినట్లు తేలినది. లేని ప్రోగ్రాము కొరకు విండోసు ఎదురుచూచుచు నన్ను ప్రక్కన బెట్టినది. ఆయన రిజిస్ట్రీకి ముందు నకలు తీసికొని, అటుపిమ్మట ఆ రెండు పద్దులను తొలగించిరి. నకలు తీయనిదే రిజిస్ట్రీని ముట్టరాదని ఆయన మనుమనికి నేర్పిన పాఠమును నేను హృదయపూర్వకముగా సమర్థింతును. యంత్రమును మరల ప్రారంభింపగానే నా గుర్తు తెరపైకి తిరిగివచ్చెను. డిస్కులోని ఫైళ్లు కనబడుచు సినిమా మాత్రము ఆడకున్నచో అదియును డ్రైవు దోషము కాదు. విండోసు 8 నాటినుండి డీవీడీ సినిమా ఆడించు సాధనము సాధారణముగా దానివెంట రాదు, వీఎల్‌సీ వంటి ఉచిత ప్లేయరొకటి పెట్టుకొనిన చాలును.

ఇక రెండవ వ్యాధి నిజముగా నా దేహమునకే సోకినది. ముందుగా ఇంటిలో వ్రాసికొనిన డీవీడీలు చదువలేనైతిని. పిదప కంపెనీలో అచ్చయిన డీవీడీలు. తుదకు సీడీలు సైతము తడబడసాగినవి. తాతగారు కన్నులు మూసికొని నా ధ్వనులను వినుచుండిరి. ఆ వినుటలో గొప్ప శాస్త్రమున్నది. డిస్కు పెట్టగానే నేను ముందు కటకమును పైకి క్రిందికి కదలించి వెలుగు తిరిగివచ్చు దూరమును కనుగొందును, పిదప డిస్కును వేగముగా త్రిప్పుదును, పిదప లోపలి అంచుననున్న విషయసూచికను చదువుదును. డిస్కు బొత్తిగా తిరుగకున్నచో కాంతియే పోవుట లేదు లేదా తిరిగి వచ్చుట లేదు. తిరిగి, ఆగి, మరల తిరిగి, మరల ఆగుచున్నచో కాంతి వచ్చుచున్నది గాని విషయసూచిక అందుట లేదు. చాలసేపు చక్కగా నడచి నడుమ నిలిచిపోయినచో డిస్కు మీది గీతయే కారణము కావచ్చును. నాది రెండవ లక్షణము.

ఈసీఐఎల్ క్రాసురోడ్ల దగ్గరి యొక దుకాణమునకు నన్ను గొనిపోయిరి. మెకానిక్కు ఒక డిస్కు పెట్టి, క్షణము విని, "సార్, లేజర్ వీకయింది. కావాలంటే చిన్న స్క్రూ ఉంటది, అది తిప్పి పవర్ పెంచుతా, నడుస్తది" అనెను. కాంతిబలమును నియంత్రించు చిన్న నిరోధకమును త్రిప్పుట ఆ వృత్తిలో అందరెరిగిన ఉపాయమే. కాని క్షీణించిన లేజరునకు అధిక విద్యుత్తు నిచ్చుట వలన అది కొంతకాలము మెరసి శీఘ్రముగా నశించును. తాతగారు శాంతముగా, "ఇంకోటి చూసి మళ్లీ వస్తాను బాబూ" అని నన్ను ఇంటికి దెచ్చిరి.

దారిలో ఆయన మనుమనితో చేసిన తర్కము నా జీవితములో నేను వినిన మాటలన్నిటిలోను విలువైనది. "సీడీకి లేజరు వేరు, డీవీడీకి లేజరు వేరు. ఒకటి పోతే ఒకటి మిగలాలి. రెండూ ఒకేసారి ముసలివైపోతాయా? మరి రెంటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి?" మనుమడు కొంత యోచించి, "లెన్సు!" అనెను. అవును, నా వంటి డ్రైవులలో రెండు కాంతులును ఒకే కటకము గుండా సాగును. పైగా బల్లమీది పెద్ద కంప్యూటర్ల డ్రైవులలో కటకము పెట్టె లోపలనే దాగియుండగా, ల్యాప్‌టాపు డ్రైవులలో అది పళ్లెరముతోపాటు వెలుపలికి వచ్చును. తెరచిన ప్రతిసారి ఈ వీధుల ధూళియు, పూజగదినుండి వచ్చు అగరుబత్తి పొగయు దానిపై వ్రాలును. వ్రాసికొనిన డిస్కులు ముందుగా చదువరాకపోవుటకును ఇదియే హేతువు. వాని అక్షరములు గుంటలు గావు, రంగుపొరలో కాల్చిన మచ్చలు. అవి తిరిగి పంపు కాంతి అచ్చు డిస్కులకన్న తక్కువ. కటకము మసకబారినపుడు బలహీనమైన కాంతియే ముందుగా ఓడిపోవును.

ఇంటికి చేరిన పిమ్మట చికిత్స ఆరంభమైనది. ముందు డిస్కును నడిమి కుదురుపై రెండు వ్రేళ్లతో అదిమి, టక్కుమని కూర్చున్నదా లేదా అని పరీక్షించిరి. ఇంత చిన్న విషయమును మరచి డ్రైవులను మార్చినవారు కలరు. డిస్కును తుడుచునపుడు గుండ్రముగా గాక కేంద్రమునుండి అంచునకు తిన్నగా తుడిచిరి. త్రోవ వెంబడి పడిన గీత వరుసగా అక్షరములను మ్రింగును. అడ్డముగా పడిన గీత త్రోవను తటాలున దాటిపోవును, ఆ నష్టమును రీడ్-సోలొమన్ గణితము సరిదిద్దుకొనగలదు. ఆపైన యంత్రమును ఆర్పి, బ్యాటరీని తీసి, చేతితో నొక్కు రబ్బరు బ్లోయరుతో ధూళి నూది, దూదిపుల్ల కొనను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి, పిండి, కటకముపై భారము మోపక మెల్లగా త్రిప్పిరి. ఆ కటకము ప్లాస్టిక్‌ది. పెట్రోలుగాని, థిన్నరుగాని తగిలినచో శాశ్వతముగా మసకబారును. కుంచెలు గల "క్లీనింగ్ డిస్కు"లను ఆయన దగ్గరకు రానీయలేదు; సన్నని తీగెలపై వ్రేలాడు కటకమును వేగముగా తిరుగు కుంచెతో కొట్టుట నాకును సమ్మతము గాదు. దూది కొన గోధుమవన్నెకు తిరిగినది.

ద్రవమారిన పిదప పెట్టిన మొదటి డిస్కు వారి కుమార్తె వివాహపు డీవీడీ. నేను కాంతిని పంపితిని, అది తిరిగివచ్చినది, విషయసూచిక అందినది. రెండవది సంక్రాంతినాడు తీసిన చిత్రము: ముగ్గుల నడుమ నిలిచి, ఇపుడు లేని ఆ యిల్లాలు మంగళహారతి పాడుచున్నది. మనుమడు ఆ గొంతు వినుట అదియే మొదలు. "అమ్మమ్మ ఇంత బాగా పాడేదా?" అని ఆ బాలుడు తాతగారి భుజమును పట్టుకొనెను. నేను ఆగక చదివితిని. ఆ సమయమున ఒక్క అక్షరము తప్పినను నన్ను నేను క్షమించుకొనలేకపోయెడిదానను.

అయినను తాతగారు నా ఆరోగ్యమును శాశ్వతమని నమ్మలేదు; నమ్మరాదు. లేజరునకు వయసున్నది, వ్రాసికొనిన డిస్కులోని రంగుపొరకును వయసున్నది. కావున ఆ వారమంతయు నా వేగమును తగ్గించి, ఇంటిలోని డిస్కులనన్నిటిని హార్డుడిస్కునకు ఎక్కించి, మరియొక ప్రతిని కుమార్తె ఇంటికి పంపిరి. మొండికెత్తిన వానిని డీడీరెస్క్యూ అను ప్రోగ్రాముతో చదివించిరి. అది బాగున్న భాగములను ముందుగా తీసికొని, చెడిన చోటులకు పిమ్మట మరల మరల వచ్చును. ఈ క్రమము నాకు నచ్చినది. చెడినచోటనే పట్టుదలతో నిలిచి బాగున్నదానిని పోగొట్టుకొనువారు లోకమున పెక్కురు.

ఒక్క సీడీని మాత్రము కాపాడలేకపోతిమి. దాని పేరు వ్రాసిన ముఖమున పొర రాలిపోయి, దీపమునకెదురుగా పట్టిన ఆవలి వెలుగు కనబడుచుండెను. జనులు మెరయు ముఖమునే కాపాడుదురు. కాని సీడీలో అద్దపు పొర చీటీ ముఖమునకే అతిసమీపమున, పలుచని లక్క చాటున నుండును. అది రాలినచో అక్షరములును దానితోనే రాలిపోవును. ఏ డ్రైవును, ఏ కటకమును దానిని తిరిగి తీసికొని రాజాలదు.

ఇపుడు ల్యాప్‌టాపులోని నా అరలో చిన్న చట్రమున బిగించిన ఎస్‌ఎస్‌డీ కూర్చున్నది. నన్ను యూఎస్‌బీ తీగె గల పెట్టెలో అమర్చిరి; ఒక్క యూఎస్‌బీ రంధ్రపు విద్యుత్తు చాలని సమయములలో రెండింటికి తగిలింతురు. కమలానగరునుండి, కాప్రానుండి తాతగారి పాత సహోద్యోగులు డిస్కుల సంచులతో వచ్చుచున్నారు. వచ్చినవారిని ఆయన ముందుగా అడుగునది, "ఇంట్లో రాసుకున్నవి ఏవి? అవి ముందు ఇవ్వండి" అని. అచ్చు డిస్కులు ఇంకను కొంతకాలము ఓపిక పట్టగలవు.