నిజం చెప్పిన పేషెంటు

విజయవాడ సూర్యారావుపేటలో మా క్లినిక్కు ఉన్న సందులో పొద్దున్న ఆరున్నరకే జనం. అవనిగడ్డ, గుడివాడ, కైకలూరు, బందరు బస్సులు దిగి ఆటోల్లో వచ్చేస్తారు, పరగడుపున. పరగడుపున అని వాళ్ళంటారు. నేను నమ్మను.

పన్నెండేళ్ళుగా ఇక్కడ ఎండోస్కోపీ గదిలో అసిస్టెంటుని. గొంతులో తిమ్మిరెక్కే స్ప్రే కొట్టడం, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టడం, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టడం, "ముక్కుతో గాలి పీల్చండి, అయిపోయింది, అయిపోయింది" అంటూ నెత్తి నిమరడం, చివర్న గొట్టం కడగడం నా పని. అయిపోయింది అన్నప్పటికి సగం కూడా అయ్యుండదు. ఆ గదిలో నేనాడే అబద్ధం అదొక్కటే. మిగతావన్నీ వాళ్ళవి.

"ఏమైనా తిన్నారా?"

"అయ్యో, రాత్రి ఎనిమిదింటికి తిన్నదే సిస్టరమ్మా. మంచినీళ్ళు కూడా ముట్టలా."

గొట్టం దిగుతుంది. తెరమీద తెల్లగా ఇడ్లీ, పక్కనే ఎర్రగా కారప్పొడి. ఒకాయన్ని నిలదీస్తే, గాంధీనగరం దాకా వచ్చి బాబాయ్ హోటల్లో వెన్న ఇడ్లీ తినకుండా ఎట్టా పోతామని నన్నే అడిగాడు. కాఫీ అయితే అసలు తిండి కిందికే రాదని మన వైపు గట్టి నమ్మకం. పొట్టలో ఏమన్నా ఉంటే వాంతై ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని, ఆరేడు గంటలు ఖాళీగా ఉండమనేది అందుకేనని రోజుకి ఇరవైసార్లు చెబుతాను. చెప్పడం నా వంతు, తలూపడం వాళ్ళ వంతు.

నోరు ఎన్నైనా ఆడుతుంది, పొట్ట ఆడదు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు, కడుపులో పుండ్లకి ఒక క్రిమి కారణమంటే తోటి డాక్టర్లే కొట్టిపారేశారట. విసిగిపోయి 1984లో ఆ క్రిములు కలిపిన ద్రవం తనే తాగేశాడు. కొద్దిరోజుల్లో కడుపు వాచింది, గొట్టం వేస్తే క్రిమి కనపడింది. 2005లో రాబిన్ వారెన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. నోటిమాట నమ్మనివాళ్ళు పొట్టని నమ్మారు. నా పద్ధతీ అదే.

అబద్ధాలన్నిట్లోకీ పెద్దది మందు దగ్గర వస్తుంది. "మందు అలవాటుందా?" అంటే "ఎప్పుడన్నా పెళ్ళిళ్ళకమ్మా" అంటారు. కృష్ణా జిల్లాలో ఏడాది పొడుగునా పెళ్ళిళ్ళే. ఇంకొకాయన "మానేశా" అన్నాడు. ఎప్పుడని అడిగితే ఆదివారం అన్నాడు. ఆ రోజు సోమవారం. మొగుడు "వారానికోసారి" అంటుంటే వెనకాల నిలబడ్డ పెళ్ళాం గుట్టుగా నాలుగు వేళ్ళు చూపిస్తుంది. నేను నాలుగే రాసుకుంటాను.

డాక్టరు గారు మంచివారే. కానీ ఆయన తెలుగులో క్రియలు మాత్రమే తెలుగు. గది దాటగానే జనం నా బల్ల చుట్టూ చేరతారు, "ఏమన్నారమ్మా?" అని. లివర్ గట్టిపడితే అన్నవాహికలో నరాలు ఎందుకు ఉబ్బుతాయో నేను చెప్పినట్టు ఆయన చెప్పలేరు. "మీ కాలవలో గుర్రపుడెక్క అడ్డం పడితే ఏమవుద్ది? నీళ్ళు వెనక్కి తన్ని, ఎగువన పిల్లకాలవలు పొంగి గట్లు తెగుతాయి. ఇదీ అంతే. తెగితే నెత్తురు కక్కుకుంటారు" అంటే దివిసీమ రైతు ఠక్కున పట్టుకుంటాడు. డాక్టరు గారే ఒకసారి అన్నారు, సగం వైద్యం నీ నోట్లోనే ఉందని. ఆ మాట నేను ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు.

ఈ ఏడు కాలవలకి నీళ్ళొదిలిన వారంలో నాగాయలంక వైపు నుంచి ఒకాయన వచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి, కౌలు రైతు. వెంట భార్య. తినలేదన్నాడు. గొట్టం దింపితే నిజంగానే లేదు, తోమి బోర్లించిన గిన్నెలా ఉంది కడుపు. అన్నవాహిక కింది కొసన నరాలు కొద్దిగా ఉబ్బాయి. రబ్బరు బ్యాండ్లు ఇప్పుడే అక్కర్లేదని డాక్టరు గారు కొత్తగా ఒక బిళ్ళ రాసి, చీటీ అడుగున ఇంగ్లీషులో ఇంకో ముక్క గీకి, మూడు నెలల తర్వాత రమ్మన్నారు. ఆ ముక్క నేను చదవలేదు. ఫైలూ తెరవలేదు. లివర్ గట్టిపడిన మగాడు, ఆ వయసు. దానికి ఫైలెందుకు?

"మందు తీసుకుంటారా బాబాయ్?"

"తీసుకుంటానమ్మా."

నా పెన్ను ఆగిపోయింది. పన్నెండేళ్ళలో ఇంత సూటిగా ఎవరూ ఒప్పుకోలేదు.

"రోజూనా?"

"రోజూ. రాత్రి అన్నం తిన్నాక ఒకటి. మూడేళ్ళు దాటింది, ఒక్క రాత్రి తప్పలా."

సిగ్గు లేదు సరిగదా, కాస్త గొప్ప కూడా ఉంది ఆ గొంతులో.

"ఎంతవుతుందేం, నెలకి?"

"వెయ్యి పైమాటే. సీసా తెస్తే నెలంతా వస్తదమ్మా."

రోజూ పుచ్చుకుంటూ నెలకి ఒక్క సీసా! ఇంత నిజం చెప్పినవాడూ లెక్క దగ్గరికొచ్చేసరికి తగ్గించాడే అని లోపల నవ్వుకున్నాను.

"చూడు బాబాయ్. ఇవాళ్టితో మందు ఆఖరు. లివర్ నిలబడాలంటే ఇక దాని జోలికి పోగూడదు. ముట్టుకోగూడదు."

"మానేయొచ్చా అమ్మా?" ఆయన మొహం వెలిగింది.

"మానేయొచ్చా ఏంటి, మానేయాలి."

మందు మానమంటే మొహం వెలిగిన మనిషిని నేను చూడటం అదే మొదలు. భార్య మాత్రం కొంగు వేలికి చుట్టుకుంటూ అనుమానపడింది. "ఉన్నట్టుండి ఆపేస్తే ఒంటికి ఏమన్నా అవుద్దేమోనమ్మా?"

"నాలుగు రోజులు ఏదోలా ఉంటుంది పిన్నీ, తర్వాత అదే సర్దుకుంటుంది. ఆయన అడిగినా ఇవ్వొద్దు. సీసా కంటికి కనపడకుండా దాచెయ్."

వెళ్తూ వెళ్తూ డజను చక్కెరకేళీలు నా బల్లమీద పెట్టారు. వద్దనలేదు నేను. ఆ మధ్యాహ్నం రిసెప్షన్ అమ్మాయికి రెండు పళ్ళిచ్చి, ఇన్నాళ్ళకి నిజం చెప్పే పేషెంటు దొరికాడని చెప్పాను.

పొలాలు పొట్ట మీదున్నప్పుడు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆటో దగ్గరికి వీల్‌చైర్ తీసుకెళ్ళాల్సొచ్చింది. కళ్ళు పసుపు ముద్దలు. పొట్ట బిగిసి బొడ్డు బయటికొచ్చింది. కాలు మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడింది, పడిన గుంట పడినట్టే ఉంది. మళ్ళీ మొదలెట్టి ఉంటాడనుకున్నాను. బీపీ పట్టీ చుట్టే వంకతో వంగి ఊపిరి వాసన కూడా చూశాను. ఏ వాసనా లేదు.

డాక్టరు గారు ఫైలు తెరిచారు. పక్కనే నిలబడ్డ నేను మొదటి కాగితం అప్పుడు చదివాను. మద్యం అని ఉన్నచోట ఆయన చేతిరాతతో లేదు అని ఉంది. దాని కింద ఎర్ర సిరాతో హెపటైటిస్ బి.

ఆ వైరస్ ఉన్నవాళ్ళకి రోజుకో బిళ్ళ ఇస్తారు. అది వైరస్‌ని చంపదు, బ్యారేజీ గేట్లు దించినట్టు వెనకాల ఆపి ఉంచుతుంది. అందుకే ఏళ్ళ తరబడి వేసుకుంటూ పోవాలి. తోచినప్పుడు ఆపేస్తే ఆగిందంతా ఒక్కసారి ముంచుకొస్తుంది. అసలే గట్టిపడిన లివర్ ఆ వరదకి నిలవదు. ఇంత బాగా నేను మామూలుగా పేషెంట్లకి చెబుతాను.

"బిళ్ళ రోజూ వేసుకుంటున్నారా?" డాక్టరు గారు అడిగారు.

ఆయన డాక్టరు వైపు చూడలేదు. ఆ పచ్చటి కళ్ళు నా మీద పెట్టి, పరీక్ష పాసైన కుర్రాడిలా నవ్వాడు. భార్య సంచీలోంచి పాత చీర పేలికలో చుట్టిన తెల్ల ప్లాస్టిక్ సీసా తీసింది. బియ్యం డబ్బా అడుగున దాచిందేమో, మూత సందుల్లో తవుడు. ఊపింది. గలగలమంది.

"ఈ అమ్మాయి మందు మానమన్న రోజు నుంచి ఒక్కటంటే ఒక్కటి ముట్టలా సార్" అన్నాడాయన. "కావాలంటే లెక్క చూస్కోండి."